ఎడమకి ఇంకో మాట

కొకోమెరెన్ నది మా ఊరి కిందనుంచే పోతుంది. ఏటా మంచు కరిగాక బిష్కెక్ నగరం కంపెనీలు లారీల మీద రబ్బరు పడవలు వేసుకొచ్చి, పరదేశీయుల్ని ఎక్కించుకుని మా కళ్ళముందే దిగువకి పోతాయి. మేం వంతెన మీద నిలబడి చూస్తాం. వాళ్ళు ఒడ్డెక్కాక టీ కాచి ఇస్తాం. తడిసిన జాకెట్లు ఆరేస్తాం. ఫోటో తియ్యమంటే తీస్తాం. నది మాది, చాకిరీ మాది, సవారీ వాళ్ళది. ఈ సంగతి చెప్పిచెప్పి నేను ఊళ్ళో అందరి చెవులూ తినేశాను. ఆఖరికి ఒక కంపెనీ పాతబడిందని వదిలేసిపోయిన చిన్న పడవ మా చేతికొచ్చింది. ముందు నలుగురు తెడ్లు వేసేవాళ్ళు, వెనక ఒక కెప్టెన్ పట్టే పడవ. తాలాయ్ దానికి మాసికలు వేశాడు. గడ్డికోతలు అయిపోయాక, నీళ్ళు మరీ తగ్గకముందే మేమే ఒకసారి పైకొండ దగ్గర దిగి కిందిలోయ దాకా పోవాలని అనుకున్నాం. నగరంవాడు ఒక్కడు కూడా లేకుండా.

ఎట్లా పోవాలో మాట్లాడుకోటానికి సోల్తోబాయ్ పెద్దాయన ఇంట్లో కూర్చున్నాం. ఆయన తేనెటీగలు పెంచుకునే మనిషి, నోరు తక్కువ. ఆయన మాట్లాడనిది కూడా కలుపుకుని ఆయన భార్య కల్‌బుబు మాట్లాడుతుంది. వాళ్ళ కొడుకే తాలాయ్. కూతురు అల్తినాయ్, బడి అప్పుడే అయిపోయింది. పెద్దాయన తమ్ముడు జెక్షెన్ ఉండేది పక్కింట్లోనే అయినా తిండి మాత్రం ఇక్కడే. నేను ఆ ఇంటికి ఎదురింటి మనిషిని. ఇక బురుల్చా. తాలాయ్ పెళ్ళాం, ఆ ఇంటి కొత్తకోడలు.

అందరిలోకీ నది తెలిసింది ఆమెకే. చుయ్ నది ఒడ్డున పుట్టింది. వాళ్ళ మేనమామ పాతకాలం నుంచీ పడవల మనిషి, నడక నేర్పినట్టు తెడ్డు నేర్పాడు. పెళ్ళికి ముందు ఆమె అక్కడ కెప్టెన్‌గా జనాన్ని పడవలో దిగువకి తీసుకుపోయేది. పెళ్ళయ్యాక తలకి రుమాలు కట్టుకుని టీ పోస్తోంది. అప్పట్నుంచి తెడ్డు ముట్టుకోలేదు. ఈ ప్రయాణం మాట పుట్టినప్పుడు ఆమె ఏమీ అడగలేదు. కానీ ఆ రోజు నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద పెట్టిన రొట్టెనే తీసి మళ్ళీ పెట్టింది, నేను చూశాను.

కెప్టెన్ నేనే అన్నాడు జెక్షెన్. సైన్యంలో ఉండగా ఒకసారి ఇనప పడవలో నది దాటాడట. అదీ ఆయన అనుభవం.

"బాబాయ్, అది తాడు కట్టి లాగిన పడవ. నువ్వే చెప్పావ్," అంది అల్తినాయ్.

"తాడు కట్టినా నీళ్ళు నీళ్ళేగా!"

కల్‌బుబు తీర్పు చెప్పింది. "నా కోడలు ఆ పని చేసిన పిల్లే. చెయ్యనీ. కానీ ఒక్కటే మాట. ముందు మన వంతెన దగ్గర, నెమ్మది నీళ్ళలో చేసి చూపించాలి. నేనొచ్చి చూస్తా. ఊరు నవ్విందో, కోడలు ఒడ్డున ఉంటుంది, చిన్నదొర వెనక కూర్చుంటాడు. ఇక పడవ మాట ఈ ఇంట్లో ఎత్తద్దు."

చిన్నదొర అంటే జెక్షెన్. ఆమె ఆ ఇంటికి పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు అతను బుడ్డోడు. మొగుడి తమ్ముణ్ణి పేరుతో పిలవకూడదు కాబట్టి ఆ పేరు పెట్టింది. ఇప్పుడతనికి మీసాలు నెరిశాయి, పేరు మాత్రం అదే.

బురుల్చా దస్తర్‌ఖాన్ అంచు మడతపెట్టి నదిని చేసింది. ఆప్రికాట్ గింజలు బండలు. ఎండబెట్టిన పెరుగుండ ఒకటి తీసి మడత మలుపులో పెట్టింది. అది ఎద్దు నాలుక. మా ఊరికి దిగువన నది కొండని కొట్టుకుని తిరిగే చోట నీళ్ళ మధ్యలో నాలుకలా సాచిన పెద్ద బండ అది. దానికి కుడిపక్కన కొండ అడుగుని నది తొలిచేసింది. అటు పోయిన దుంగలు మళ్ళీ కనపడవు. ఎడమపక్కనే దారి. మలుపు తిరిగి బండ కనపడగానే పడవని ఎడమకి తిప్పెయ్యాలి. ఆలోచించుకునే టైముండదు.

ఆమె నేరుగా పెద్దవాళ్ళకి చెప్పదు. తాలాయ్ వైపు చూసి చెప్తుంది, అందరికీ వినపడుతుంది. "ఇదిగో, ఇక్కడ నేనొక్క మాటే అరుస్తా. ఆ మాట వినగానే ఈ పక్కవాళ్ళు తెడ్డు వెనక్కి, ఆ పక్కవాళ్ళు ముందుకి లాగాలి. ఇద్దరూ ఒక్కసారే. ఒక్క తెడ్డు ఆలస్యమైనా ఈ బండకి కుడి... బండ ఏదీ?"

బండ లేదు.

"బాబాయ్ తినేశాడు," అంది అల్తినాయ్.

జెక్షెన్ నమలటం ఆపలేదు. "ఉప్పగా బాగుంది. ఇంతకీ ఆ ఒక్క మాట ఏం మాటమ్మా? కుడికి సరే, కుడంటావ్. ఎడమకి ఏమంటావ్?"

అందరం నవ్వాం. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఇది నవ్వే ప్రశ్న కాదు.

మా భాషలో ఎడమని సోల్ అంటారు. ఆమె మామగారి పేరు సోల్తోబాయ్. మా దగ్గర కోడలు మామగారి పేరు నోట పలకదు. ఆయన అన్నదమ్ముల పేర్లూ పలకదు. పేరే కాదు, పేరులో వినిపించే మాట కూడా పలకదు. మా వీధిలోనే తెమిర్‌కుల్ అనే ముసలాయన ఉన్నాడు. తెమిర్ అంటే ఇనుము. ఆయన కోడలు ఇనుముని 'గట్టిది' అంటుంది. గట్టి మేకులు కావాలని దుకాణంలో అడుగుతుంది, దుకాణంవాడు ఇస్తాడు. ఎవరికీ వింత కాదు. బురుల్చా వచ్చిన దగ్గర్నుంచీ సోల్ అనలేదు. 'అటుపక్క' అంటుంది, లేకపోతే చేత్తో చూపిస్తుంది. టీ కప్పు విషయంలో అది చాలు. కెప్టెన్ వెనక కూర్చుంటుంది, తెడ్లు వేసేవాళ్ళ వీపులే ఆమెకి కనపడతాయి. వీపులకి చెయ్యి చూపించి ఏం లాభం?

ఈ ఆచారం గురించి నా అభిప్రాయం ఊరికి తెలుసు. ఇక్కడ మళ్ళీ చెప్పను. అభిప్రాయంతో పడవ తిరగదు.

"ఈల వెయ్యొచ్చుగా?" అన్నాడు తాలాయ్.

"ఈల వేసేది మనిషి నీళ్ళలో పడితేనే. ఇంక దేనికీ కాదు," అంది బురుల్చా.

"కుడివాళ్ళకి మాత్రమే చెప్పు వదినా. వాళ్ళు ముందుకి లాగితే పడవ ఎడమకే తిరుగుతుందిగా?" అంది అల్తినాయ్.

"నెమ్మది నీళ్ళలో తిరుగుతుంది. అక్కడ సగం బలంతో సగమే తిరుగుతుంది. సగం తిరిగిన పడవ అడ్డంగా పోయి కొట్టుకుంటుంది."

మర్నాడు పడవని పెరట్లో గడ్డివాము పక్కన పెట్టుకుని అందులో కూర్చున్నాం. ఎడమపక్క ముందు జెక్షెన్, ఆయన వెనక అల్తినాయ్. కుడిపక్క ముందు తాలాయ్, వెనక నేను. తెడ్లు రెండే ఉన్నాయి, మిగతా ఇద్దరికీ పారలు ఇచ్చారు. కోళ్ళు చుట్టూ చేరి చూస్తున్నాయి.

మొదట రష్యన్ మాట చూశాం. నేను వద్దన్నాను, మన నదిలో మన నోరు ఆడాలి అన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

"లేవో!" అని అరిచింది బురుల్చా.

జెక్షెన్ పార టక్కున వెనక్కి పడింది. సైన్యం ఆయనకి మిగిల్చిన రష్యన్ అదొక్కటే. అల్తినాయ్ తెడ్డు ముందుకి పోయింది.

"నీకు బళ్ళో రష్యన్ చెప్పలేదా?" అన్నాడు జెక్షెన్.

"పాటలొచ్చు బాబాయ్. పాటల్లో ఎడమ రాదు."

పది రోజుల్లో నేర్చుకోవచ్చన్నాడు తాలాయ్. బురుల్చా తల అడ్డంగా ఊపింది. నేర్చుకున్న మాట భయం వేసినప్పుడు ముందు తలలోకి పోయి, తర్వాత చేతికి వస్తుందట. ఆమెకి కావలసింది నేరుగా చేతికి పోయే మాట.

అప్పుడు తాలాయ్ ఇంకోటి చెప్పాడు. ఉన్ని గుడారంలో ఒక పక్క మగవాళ్ళది, ఒక పక్క ఆడవాళ్ళది. పుట్టినప్పట్నుంచీ ఎవరికి తెలీదు? ఎడమకి 'ఆడవైపు' అంటే సరిపోతుంది.

"ఆడవైపు!" అంది బురుల్చా.

జెక్షెన్ సరిగ్గా వెనక్కి లాగాడు. అల్తినాయ్ మళ్ళీ ముందుకే లాగింది. తెడ్డు ఆయన మోచేతికి తగిలింది.

"ఏం పిల్లవే నువ్వు! ఆడవైపు ఎటో ఆడపిల్లకి తెలీదా?"

"తెలుసు! కుడిపక్క. గుడారంలోకి అడుగుపెడితే పొయ్యి, గిన్నెలు, గుర్రప్పాల కుమిస్ తిత్తి అన్నీ కుడిపక్కనే ఉంటాయిగా?"

"అడుగుపెట్టడం ఏంటి? లోపల కూర్చుని చూడు. ఎడమపక్కన ఉంటాయి."

"తలుపుకెదురుగా పెద్దల చోట, పైన కూర్చునేది నువ్వు బాబాయ్. నేను కట్టెలు పట్టుకుని ఎప్పుడూ తలుపులోనే ఉంటా. నాకది కుడే."

తాలాయ్ ఇద్దరికీ సర్దిచెప్పబోయాడు, అతనికే అయోమయమైంది. అటూ ఇటూ తిరిగి నిలబడి చూసుకున్నాడు. ఇద్దరిదీ నిజమే. పైన కూర్చున్నవాడి ఎడమ, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళ కుడి. ఇన్ని తరాల నుంచీ ఒకే గుడారంలో ఉంటున్నాం, ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? పైన కూర్చునేవాడు లేచి తలుపు దగ్గరికొచ్చి నిలబడితేగా.

అప్పటిదాకా తేనెపెట్టెల దగ్గర ఉన్న సోల్తోబాయ్ పొగగొట్టం పక్కన పెట్టి వచ్చాడు. ముఖానికి వల ఇంకా ఉంది. వలలోంచే అన్నాడు. "అమ్మా కోడలా, అనెయ్. నా పేరేమన్నా అరిగిపోతుందా? నేనే చెప్తున్నా. సోల్ అను."

గడప మీద పిండి కలుపుతున్న కల్‌బుబు చేతులు ఆగాయి.

"మీరివ్వచ్చు. మీకేం. మీరు దాతలు. నేనీ ఇంటికొచ్చి జుట్టు నెరిసింది, నా నోటివెంట ఒక్కసారైనా విన్నారా?" అంది.

"విన్లేదు. విందామనీ ఉంది," అన్నాడు ఆయన.

"సిగ్గులేని ముసలాడు," అంది ఆవిడ. పిండిని గట్టిగా ఒక దెబ్బ కొట్టింది.

బురుల్చా నోరు తెరిచింది. నాలుక పళ్ళ దగ్గరికి వచ్చింది, అది మాకు కనపడింది. అక్కడే ఉండిపోయింది. ఆమె మొహం ఎర్రగా అయింది. ఇంకోసారి ప్రయత్నించింది. తర్వాత పడవలోంచి దిగి, పారలు తీసి గోడకి ఆనించి, ఆవులకి నీళ్ళు పెట్టటానికి పోయింది. ఇచ్చేవాడు ఇచ్చాడు, తీసుకోటానికి నోరు ఒప్పుకోలేదు. మామగారి అనుమతి నోటిదాకా పోదు. ఆ కట్టుబాటు ఎప్పుడో చిన్నప్పుడే, వాళ్ళమ్మ వాళ్ళ అత్తింట్లో మాటలు మింగుతుంటే చూసినప్పుడే నోట్లో కూర్చుంటుంది.

వంతెన దగ్గర పరీక్ష ఆదివారం పెట్టారు. ఆ రోజుకి తాలాయ్ మిగతా తెడ్లు చెక్కేశాడు గానీ, ఎడమకి మాట మాత్రం లేదు. నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, కుడివాళ్ళతోనే నడిపించేస్తానంది బురుల్చా. ఊరంతా వంతెన మీదే ఉంది. కల్‌బుబు తెల్లరుమాలు కట్టుకుని, పీట తెప్పించుకుని ఒడ్డున కూర్చుంది.

దిగగానే బురుల్చా వేరే మనిషి అయిపోయింది. గొంతు మారింది. "ముందుకి! ఆపు! కుడి! ముందుకి!" ఇంట్లో గోడ పక్కనుంచి నడిచే పిల్లేనా అనిపించింది. పడవ ఆమె చెప్పినట్టల్లా పోతోంది. వంతెన మీద ఎవరో ఈల కూడా వేశారు. దూడంత బండ ఒకటి ఎదురొచ్చింది, దాన్ని కుడినుంచి దాటుదామని చూసింది. దాని వెనక ఎవరో వదిలేసిన ఇనపతీగల చుట్ట నీళ్ళలోంచి పైకి పొడుచుకుని కనిపించింది. రబ్బరు పడవకి తీగ తగిలితే ఇంకేముంది, ఒక్క చీలిక చాలు.

"సోల్!" అని అరిచింది.

కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది ఆ మాట. స్పష్టంగా, పెద్దగా.

నలుగురం తెడ్లు ఆపాం. నలుగురం వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాం. జెక్షెన్ నోరు తెరిచి చూశాడు. తాలాయ్ ఏకంగా తెడ్డు నీళ్ళలోంచి పైకెత్తేశాడు. నేనూ అంతే. ఇన్ని పెద్దమాటలు చెప్పే మనిషిని, నేనూ కోడలి నోట మామ పేరు విని గుడ్లప్పగించి చూశాను. చేతులన్నీ చచ్చిపోయాయి. పడవ తిన్నగా పోయి బండకి కొట్టుకుంది. జెక్షెన్ గాల్లోకి లేచి నడుంలోతు నీళ్ళలో కూర్చున్నాడు. అదృష్టం, తీగల చుట్ట దాకా పోలేదు.

వంతెన మీద నవ్వు చాలాసేపు ఆగలేదు. ఎవడో ఒకడు, "సోల్తోబాయ్ తాతా, నిన్నే పిలుస్తోంది!" అని అరిచాడు. కల్‌బుబు పీట చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

సాయంత్రం టీకి పిలిచారు. ఇంకేముంది, అయిపోయిందనే అనుకున్నాం అందరం. జెక్షెన్ పొయ్యి దగ్గర కాళ్ళు చాచి కూర్చున్నాడు, ప్యాంటు నుంచి ఆవిర్లు వస్తున్నాయి. మనిషి హుషారుగా ఉన్నాడు. తను వెనక కూర్చుంటే ఎట్లా నడిపించేదీ చెప్తున్నాడు. ఎద్దు నాలుక దగ్గర కాస్త ముందుగానే ఆపి, దిగి, ఆలోచించుకుని పోదామంటున్నాడు.

"అక్కడ దిగటానికి ఒడ్డు లేదు బాబాయ్, రెండుపక్కలా కొండే," అంది అల్తినాయ్.

"ఉంటుందిలే. చూస్తే కనపడుతుంది."

నేను ఆయన కెప్టెన్‌గా ఉన్న పడవ ఎక్కనన్నాను. తాలాయ్ పెళ్ళానికీ తల్లికీ మధ్య కూర్చుని రొట్టెని పొడి పొడి చేస్తున్నాడు.

బురుల్చా కెటిల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టీ పోస్తోంది. మా దగ్గర కప్పు నిండా పొయ్యరు, కొంచెం పోసి ఇస్తారు, మళ్ళీ మళ్ళీ పోస్తారు. అందుకని కోడలి చేతులకి తీరికుండదు. ఆమె తలెత్తకుండా, కెటిల్‌కి చెప్తున్నట్టు చెప్పింది.

"నేనన్నాను. ఊరంతా విన్నారు. నా నోరు పని చేసింది. మీ చేతులు చెయ్యలేదు."

ఇంకో కప్పు అందుకుంది.

"పేరు పలికితే తప్పన్నారు. సరే, పలకలేదు. పలకమన్నారు. సరే, పలికాను. పలికితే మీరు వినలేదు. నన్ను చూశారు. ఊరు నవ్విందీ నన్నే. ఒడ్డున ఉండమంటే ఉంటా. కానీ నాకు చేతకాదని మాత్రం ఎవరూ అనద్దు."

ఆ ఇంట్లో ఆమె అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. పొగరు అని అనుకోవాలో వద్దో తెలియక జెక్షెన్ టీ తాగేశాడు. సోల్తోబాయ్ గడ్డం గోక్కున్నాడు. కల్‌బుబుకి ఎటు చూడాలో తోచలేదు. అట్లాంటప్పుడు ఆవిడ తిండి మీదికి పోతుంది.

"తినండి, తినండి, అన్నీ చల్లారిపోతున్నాయి. చిన్నదొరా, ఒట్టి రొట్టె తింటావేంరా? మీగడ ఎక్కేవైపు ఉంది, వేసుకో."

జెక్షెన్ చెయ్యి ఎడమకి పోయింది. అల్తినాయ్ చెయ్యి ఎడమకి పోయింది. తాలాయ్‌ది కూడా. మూడు చేతులూ మీగడ గిన్నె మీద కొట్టుకున్నాయి. నా చెయ్యి కొంచెం వెనకగా కదిలింది, అయినా కదిలింది అటే.

టీ కప్పులోంచి పొర్లిపోతోంది. బురుల్చా చూసుకోవటం లేదు.

"అత్తయ్యా, ఏమన్నారు?"

"ఏమంటాను? మీగడ వేసుకోమన్నా."

"ఎటుందన్నారు?"

"అదుగో అక్కడే. కళ్ళెదురుగా ఉందిగా. ఎక్కేవైపు."

గుర్రాన్ని ఎవడైనా ఎడమనుంచే ఎక్కుతాడు. కాళ్ళు సరిగ్గా అందని వయసు నుంచే. కల్‌బుబు ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మొదటి రోజు నుంచీ మొగుడి పేరు దాటటానికి ఎడమని ఎక్కేవైపు అంటోంది. పిల్లల ముక్కులు తుడుస్తూ, జెక్షెన్‌కి బూట్లు తొడుగుతూ, ఎక్కేవైపు కాలు పెట్టరా, ఎక్కేవైపు చెయ్యి ఇయ్యవే అంటూనే ఉంది. ముగ్గురూ ఆ మాటతోనే పెరిగారు. ఎంతగా విన్నారంటే అదొక మాటని వాళ్ళకి గుర్తే లేదు. నాలుగు రోజులుగా ఇంటిల్లిపాదీ ఎడమకి మాట వెతుకుతుంటే ఆవిడక్కూడా గుర్తు రాలేదు. ఆవిడకది మాట కాదు, ఎడమే.

బురుల్చా లేచింది. మమ్మల్ని నలుగుర్నీ కంబళి మీద గోడవైపు తిరిగి కూర్చోమంది. నేరుగా మాకే చెప్పింది, తాలాయ్ మీదుగా కాదు. తెడ్లు పెరట్లో ఉన్నాయని అల్తినాయ్ గరిటెలు తెచ్చింది.

"ముందుకి. ముందుకి. ఎక్కేవైపు!"

ఎడమవాళ్ళ గరిటెలు రెండూ ఒక్కసారే వెనక్కి వచ్చాయి. తాలాయ్ ముందుకి లాగాడు. నేను సగంలో అందుకున్నాను.

"పొడుగైంది," అంది బురుల్చా. "బండ దగ్గర ఇంత మాట పట్టదు."

"పొడుగెందుకు?" అంది కల్‌బుబు. కూర్చున్న చోటే నడుం నిటారుగా పెట్టింది. "పిల్లల్ని గుర్రం మీదికి తోలేటప్పుడు అంత మాట ఎవరంటారు? ఎక్కు! అంటాం."

ఆ అరుపుకి జెక్షెన్ గరిటె వెనక్కి పోయి జాడీకి తగిలింది. ఆప్రికాట్ జామ్ కంబళి మీద పారింది.

"దేన్ని ఎక్కాలి వదినా?" అన్నాడు జెక్షెన్.

"నోర్ముయ్. నీ చెయ్యి అడగలేదు, నువ్వెందుకు అడుగుతావ్? కోడలా, గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. ఎక్కు!"

"ఎక్కు!" అంది బురుల్చా.

"ఆకలేసినట్టుంది. ఇంకా!"

అత్తాకోడళ్ళు ఒకరి తర్వాత ఒకరు అరిచారు. మేం గరిటెలు ఆడించాం. ఎదురింట్లో మా కుక్క మొరగటం మొదలుపెట్టింది. సోల్తోబాయ్ జామ్ తుడవటానికి గుడ్డ తెచ్చి, తుడవటం మర్చిపోయి నిలబడ్డాడు.

జెక్షెన్ మాత్రం ఒప్పుకోలేదు. తన విషయం ముందే తేలిపోయిందన్నాడు. ఊరు నవ్వితే కెప్టెన్ తనేనని వదినే అందని, మాటంటే మాటని పట్టుకూర్చున్నాడు. అందులో న్యాయం ఉంది కూడా. ఊరు నవ్విన మాట నిజమే కదా.

కల్‌బుబు "నవ్వింది ఎవర్ని చూసి?" అని అడిగింది.

"కోడల్ని చూసి."

"నీళ్ళలో కూర్చున్నది ఎవరు?"

"...నేను."

"మరి? నేను ఒడ్డున్నే ఉన్నా, చూశా. ఆ పిల్ల అరిచినప్పుడు నవ్వలేదు, అప్పుడు అందరూ నోళ్ళు మూశారు. నువ్వు పడ్డాక నవ్వారు. నవ్వు నీది. రేపు ఇంకోసారి దిగండి."

ఇది న్యాయమా కాదా అని నన్నడిగితే చెప్పలేను. ఆ ఇంట్లో న్యాయం ఆవిడదే. ఆ సాయంత్రం మాత్రం అది మాకు పనికొచ్చింది.

మర్నాడు మళ్ళీ దిగాం. తీగల చుట్టని ముందే బయటికి లాగేశాం. వంతెన మీద జనం నిన్నటికంటే ఎక్కువ, ఇంకోసారి నవ్వుదామని వచ్చారు. దూడబండ ఎదురొచ్చింది. బురుల్చా పొట్టలోంచి అరిచింది. పడవ ఉన్నచోటే గుండ్రంగా ఎడమకి తిరిగి, బండని ఒరుసుకోకుండా జారిపోయింది. ఇంకోసారి చెయ్యమని కల్‌బుబు ఒడ్డునుంచి కేకేసింది. పడవని పైకి మోసుకెళ్ళి మళ్ళీ చేశాం. వంతెన మీద ఒక ముసలావిడ, "వాళ్ళ అత్త మాటే అది," అని పక్కావిడకి చెప్పటం వినపడింది. ఆ పక్కావిడ తమ ఇంట్లో ఎడమకి ఏమంటారో చెప్పటం మొదలుపెట్టింది. నలుగురు కోడళ్ళు చేరి వాళ్ళ వాళ్ళ మాటలు చెప్పుకున్నారు. ఒక్కొక్క ఇంటికీ ఒకటుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను, ఇన్ని మాటలున్నాయని నాకు తెలీదు.

ఒడ్డెక్కాక జెక్షెన్ అన్నాడు, "నేనింకా ఒప్పుకోలేదు."

"నీ చేతులు ఒప్పుకున్నాయి బాబాయ్. రెండుసార్లు," అంది అల్తినాయ్.

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నమే మిగతాదంతా తేల్చేశాం. లారీతో కిందిలోయలో ఎదురుచూసే మనిషిని తాలాయ్ మాట్లాడాడు. రొట్టెలు, ఎండుపెరుగు, మారుబట్టలు లారీలో ముందే పంపెయ్యాలి. పడవలో తాడూ, గాలిపంపూ, మాసికల సంచీ తప్ప ఏమీ ఉండవు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బురుల్చా చెప్పింది. జెక్షెన్ బరువు ముందు కావాలంది, ముందు పెట్టింది.

గడ్డి మోపులు ఇంటికి చేరాక, ఎండ బాగా కాసిన రోజు పైకొండ దగ్గర దిగాం. నీళ్ళు ఆకుపచ్చగా, చల్లగా, పెద్ద రొదతో పోతున్నాయి. పక్కమనిషి మాట వినపడాలంటే అరవాల్సిందే. సోల్తోబాయ్ మమ్మల్ని దింపటానికి వచ్చాడు, కల్‌బుబు రాలేదు. రొట్టెలు కాల్చే పనుందంది. నిజానికి భయం.

బురుల్చా రుమాలు మీదనే హెల్మెట్ పెట్టుకుంది. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి జాకెట్ పట్టీలు లాగి చూసింది. మామగారి తమ్ముడి పట్టీ కూడా లాగింది, అందరికంటే గట్టిగా.

"ముందుకి అంటే ముందుకి. ఆపు అంటే తెడ్డు నీళ్ళలోంచి పైకి. కుడి, ఎక్కు, తెలుసు. ఈల వినపడితే మనిషి పడ్డాడని. పడ్డవాళ్ళు వెల్లకిలా తేలండి, కాళ్ళు ముందుకి పెట్టండి. నిలబడాలని చూడద్దు. ఇంకేమన్నా అడగాలా?"

జెక్షెన్ చెయ్యెత్తాడు. ముఖం కొంచెం పాలిపోయి ఉంది, హాస్యం మాత్రం వదల్లేదు. "ఒకవేళ నేను పడ్డాననుకో. నా పేరు కూడా నువ్వనకూడదాయె. ఏమని పిలుస్తావమ్మా?"

"చిన్నమామయ్యా అనే పిలుస్తా," అంది బురుల్చా. "కానీ అంత మాట నేను పూర్తిచేసేలోపు మీరు మన ఊరి వంతెన దాటిపోతారు. అందుకని పడకండి."

జెక్షెన్ హెల్మెట్ పట్టీ తనే ఇంకాస్త బిగించుకుని ముందుసీటులో కూర్చున్నాడు. సోల్తోబాయ్ పడవని నీళ్ళలోకి తోశాడు.